చిలకమర్తివారు – చిన్న విషయములు

ఒక గంధర్వుడు ఆకాశమార్గమున పోవుచు నోటిలోని తాంబూలమును క్రిందికి ఉమిసెను. క్రింద నదిలో నిలిచి సూర్యునకు అర్ఘ్యమొసగుచున్న శ్రీకృష్ణుని దోసిటిలో అది పడెను. జరిగినది ఇంతే. ఉమిసినవాడు క్రిందికి చూడలేదు. దోసిలి పట్టినవాడు పైకి చూడలేదు. ఇట్టి పొరపాటు మన వీథులలో దినమునకు పదిమారులు జరుగుచునే యుండును. మేడమీదినుండి పోసిన కుండెడు నీళ్లు బాటసారి తలపై పడును. రెండు కసురుమాటలతో వ్యవహారము ముగియును. గయుని విషయమున మాత్రము అది ప్రతిజ్ఞకును, శరణాగతికిని, కడకు ప్రాణమిత్రులగు కృష్ణార్జునుల యుద్ధమునకును దారితీసినది.

ఈ కథను 1890లో నాటకముగా రచించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారికి అప్పటికి ఇరువదిమూడేండ్లు. ఆయన పౌరాణిక నాటకములు వ్రాసిరి, చారిత్రక నవలలు వ్రాసిరి, సంస్కృతమునుండి భాసుని నాటకములను తెనిగించిరి. అయినను ఆయన పేరు తలచినంతనే తెలుగువారి పెదవిపై మెదలునది నవ్వు. ఆ నవ్వునకు ముడిసరకు ఇటువంటి చిన్న ప్రమాదములే: ఎవ్వరును తలపెట్టనివి, ఎవ్వరికిని తప్పనివి.

లక్ష్మీనరసింహముగారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన గోదావరీ మండలమునందలి ఖండవల్లి గ్రామములో మాతామహుల ఇంట జన్మించిరి. తల్లి రత్నమ్మగారు, తండ్రి వెంకన్నగారు. స్వగ్రామము వీరవాసరము. కలిగిన కుటుంబము కాదు. వీథిబడి, పిదప నరసాపురము, ఆ పిదప రాజమహేంద్రవరము – చదువు ఆయనను గోదావరి పాయవెంట ఎగువకు నడిపించినది.

చదువుట అనుమాట ఆయన విషయమున వాడుటకు కొంచెము సంకోచము కలుగును. బాల్యమునుండియు ఆయనకు చూపు మందము. దానికి తోడు రేచీకటి. ప్రొద్దు క్రుంకినచో లోకము మూతపడును. ఆ కాలపు విద్యార్థికి రాత్రివేళయే చదువువేళ. ఆముదపు దీపము చుట్టు నలుగురు చేరి పాఠములు వల్లించుట వాడుక. ఆ నలుగురిలో ఈయన పుస్తకము లేనివాడు. తోడివారు చదువుచుండగా వినెడివారు. విన్నది నిలుపుకొనెడివారు. ఒకమారు చెవినిబడినది మరల తప్పిపోనీయని ఆ ధారణను పిమ్మట లోకము మెచ్చుకొనినది, ఆంధ్ర మిల్టనని బిరుదును పెట్టినది. కాని ఆ బాలునకది వరముగా తోచియుండదు. వినిన మాట జారిపోయినచో మరల వెదకికొనుటకు ఆయనకు పుట లేదు. నిలుపుకొనక గత్యంతరము లేక నిలుపుకొనినారు.

ఇది నాకు బాగుగా బోధపడుటకు ఒక చిన్న ప్రమాదమే కారణము. ఆ మధ్య ఒకనాడు కళాశాలకు పోవుచు బస్సు దిగు త్రొక్కిసలాటలో నా కళ్లజోడు జారిపడినది. ఎవరి కాలిక్రిందనో ఒక అద్దము పగిలినది. తరగతిలో పుస్తకము తెరచితిని. అక్షరములు చీమలబారులవలె సాగినవేగాని మాటలు కాలేదు. సిగ్గువిడిచి ఒక విద్యార్థినిని చదువుమని కోరితిని. ఆమె చదువుచుండగా, ఎన్నో యేండ్లుగా నేను చెప్పుచున్న ఆ పాఠములోనే ఎన్నడును నేను గమనింపని ఒక విరుపు వినబడినది. కంటితో చదువువాడు తెలిసిన త్రోవయని పరుగెత్తును. చెవితో వినువాడు చదువువారి వెంట అడుగులో అడుగు వేయవలసినదే. ఆ యడుగులలో కొన్ని మెత్తని మట్టియని, కొన్ని రాళ్లని వానికి తెలియును. నా కళ్లజోడు రెండు దినములలో బాగుపడి వచ్చినది. చిలకమర్తివారికి వయసు ముదిరినకొలది ఉన్న చూపును తగ్గి, కడకు పూర్తిగా పోయినది.

ఆయన సంభాషణలలోని బలము ఇచ్చటినుండి వచ్చినదని నా అభిప్రాయము. మనుష్యుల ముఖములు ఆయనకు మసకగా కనబడినవి. వారి గొంతులు మాత్రము స్పష్టముగా వినబడినవి. పెద్దమనిషి నీతులు పలుకునప్పుడు గొంతు ఎచ్చట బిగియునో, అప్పు తీర్చనివాడు కుశలమడుగునప్పుడు ఎంత తీపి చేర్చునో, అత్తగారు కోడలిని మెచ్చుకొనునప్పుడు మాట ఎచ్చట విరుగునో ఆయన చెవికి తెలియును. ఆయన ప్రహసనములలోని పాత్రల రూపురేఖలు మనకు ఎక్కువగా జ్ఞాపకముండవు. వారి మాటతీరు మాత్రము పుస్తకము మూసిన తరువాతను చెవిలో మ్రోగును.

రాజమహేంద్రవరమున ఆ దినములలో ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారను ఉపాధ్యాయులు నాటకములపై మక్కువతో ఒక సమాజమును నడుపుచుండిరి. వారి ప్రోత్సాహమున చిలకమర్తివారు 1889లో కీచకవధను, మరుసటి యేట గయోపాఖ్యానమును రచించిరి. నాయుడుగారు ఒంగోలునుండి తమవెంట తీసికొనివచ్చిన ఒక పేదబాలుడు ఆ నాటకములలో వేషములు వేయుచుండెను. రూపసి యగుటచే స్త్రీవేషములును ఆతనికే వచ్చుచుండెను. ఆతని పేరు టంగుటూరి ప్రకాశము. ఒకరు కన్ను కానరాక విని కూర్చిన మాటలను మరొకరు చీరకట్టి రంగమునుండి పలికిన ఆ రాత్రులలో, ఈ ఇరువురు ఏమి కానున్నారో చూచువారిలో ఎవ్వరికిని తెలియదు.

గయోపాఖ్యానము ఆంధ్రదేశమంతట ప్రాకినది. లక్షకు మించిన ప్రతులు అమ్ముడుపోయినవని ప్రసిద్ధి. అక్షరము రానివారు సయితము అందలి పద్యములను రాగముతో పాడుకొనిరి. వినికిడిచే పుట్టిన నాటకము వినికిడిచేతనే వ్యాపించుట చిత్రము.

నవలల విషయము త్వరగా చెప్పెదను. న్యాపతి సుబ్బారావుగారి చింతామణి పత్రిక నడపిన నవలల పోటీలలో రామచంద్రవిజయమునకు 1894లోను, హేమలతకు 1896లోను బహుమతులు వచ్చినవి. అహల్యాబాయియు అట్లే. వీనిలో రామచంద్రవిజయము సాంఘికము. తక్కినవి చరిత్రకు సంబంధించినవి. ఇవి ఆయనకు పేరు తెచ్చినవి. నేడు వీనిని ఇష్టముతో చదువువారు తక్కువ.

గణపతి మాట వేరు. 1920లో వెలువడిన ఈ నవలను చేతపట్టినవారు నడుమ విడిచిపెట్టుట నేను చూడలేదు. పాపయ్య, ఆతని కుమారుడు గంగాధరుడు, ఆతని కుమారుడు గణపతి – మూడు తరముల పేద బ్రాహ్మణ కుటుంబపు కథ ఇది. రాజులు లేరు, వీరులు లేరు, ఆదర్శదంపతులు లేరు. ఆకలియున్నది, తిండి దొరకిన దినమున పండుగయున్నది, బంధువుల ఇండ్లలో చాలినంతకాలము కూర్చుండుటయున్నది, తల్లి గారాబమున్నది. చదువు అబ్బక, పని చేతకాక పెరిగిన గణపతి అల్లరిచే ఊరివారికి జరుగు చిన్న చిన్న అపాయములు, వాని ఎత్తుగడలు వాని తలకే చుట్టుకొనుట – వీనితోనే పుటలు సాగును.

దీనిని మోటుహాస్యమని త్రోసివేసిన పండితులున్నారు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. కొన్ని తావుల, చాలునని పాఠకునకు తోచిన పిదపను రచయితకు తోచదు. నవ్వు సాగి సాగి పలుచబడును. కాని వారు గమనింపనిది ఒకటి కలదు. గణపతి చేయు ప్రతి అల్లరి వెనుకను ఒక లేమి దాగియున్నది. ఆకలిగొన్నవాడు తిండికై పన్నిన పన్నాగము చెడిపోయినప్పుడు మనము నవ్వుదుము. నవ్విన వెంటనే, వాడు ఆ పూట పస్తుండెనను సంగతి స్ఫురించును. చిలకమర్తివారు ఆ సంగతిని ఎత్తిచూపరు, కన్నీరు కార్చరు. కథ చెప్పి ఊరకుందురు. తరువాతి కాలమున ఆకాశవాణి గణపతిని నాటకముగా ప్రసారము చేసినప్పుడు పుస్తకము చూడనివారును దాని చుట్టుచేరి నవ్విరి. చూపులేనివాని నవలకు రేడియో తగిన రంగస్థలమే.

ఆ నవలలో ఉపాధ్యాయులమైన మనకు కొంచెము ఇబ్బంది కలిగించు భాగమొకటి యున్నది. ఏ పనికిని కొరగాని గణపతి కడకు పంతులగును. తనకు రానిది పిల్లలకు చెప్పుటకు కూర్చుండును. తరగతిలో ఈ ఘట్టమును చెప్పునప్పుడెల్ల విద్యార్థులు నావంక చూచి నవ్వుదురు. నేనును నవ్వుదును, కాని నా నవ్వు వారి నవ్వువలె నిశ్చింతమైనది కాదు. చేతకానివాడు వంటవాడైనచో ఒక పూట అన్నము మాడును. పంతులైనచో మాడునది వేరు. చిలకమర్తివారికి ఇది బయటివాని వేళాకోళము కాదు. ఆయన స్వయముగా రాజమహేంద్రవరమున పాఠములు చెప్పి బ్రదికిన పంతులు.

అంతేకాదు. సంఘము పంచములని దూరముంచిన పిల్లలకొరకు ఆయన 1909లో రామమోహన పాఠశాలను స్థాపించి చాలకాలము నడపిరి. ఆ దినములలో అగ్రవర్ణమువాడొకడు ఆ పిల్లలను చేరదీసి అక్షరములు దిద్దించుట ఎంత ఎదురీతయో చెప్పనక్కరలేదు. కందుకూరి వీరేశలింగముగారి సాహచర్యము, బ్రహ్మసమాజ భావములు ఆయనను ఆ త్రోవ పట్టించినవి. బూటకపు బడిని చూచి నవ్వుటకు, నిజమైన బడిని నిలుపుటకు ఒకే మనిషి పూనుకొనుటను గణపతిని మోటని త్రోసివేయువారు ఆలోచింపవలెను.

ఆయన పకోడీలపై పద్యములు చెప్పిన సంగతి ఎల్లరకును తెలిసినదే. నూనెలో వేగు పిండిముద్దకు ప్రబంధనాయికకు పెట్టు అలంకారములు పెట్టినారు. కడుపార నవ్వించు ఈ పద్యములను కేవలము వినోదమని తీసివేయువారికి నేనొక మాట చెప్పెదను. చూపుపోయినవానికి పకోడీ ఒక దృశ్యము కాదు. దాని సువాసన ముందు వచ్చును, చేతికి వేడి తగులును, పంటిక్రింద కరకరమను సద్దు వినబడును, రుచి వెనుక తెలియును. చూపొకటి తప్ప తక్కిన ఇంద్రియములన్నియు ఒక అణా ఖర్చుతో తృప్తిచెందును. దానిపై పద్యము చెప్పుటకు ఆయనకంటె అర్హుడెవడు?

ఇంటి పెరటిలోని వస్తువు ఆయన చేతిలో ఎంత పదునెక్కగలదో 1907లో తెలిసినది. ఆ యేడు బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఆంగ్లమున ఉపన్యసించిరి. వారి మాటలను సభకు తెలుగులో వినిపించినవారు చిలకమర్తివారు. ఆ సందర్భముననే ఆయన ఒక పద్యము చదివిరి. దేశము పాడియావు, ప్రజలు దాని దూడలు, పొదుగుదగ్గరకు దూడను రానీయక పాలన్నియు తామే పిదుకుకొనువారు తెల్లదొరలు. పాలుపిదుకు వేళ దూడ పడు యాతనను ప్రతి ఇంటివారును ప్రతి ఉదయమును చూచుచున్నదే. ఎవ్వరును దానిని రాజకీయముగా చూడలేదు. ఆ పద్యము నోటినుండి నోటికి ఆంధ్రదేశమంతయు తిరిగినది. రాజమహేంద్రవర ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వెళ్లగొట్టబడినదియు వందేమాతరపు సందడిగల ఆ దినములలోనే.

మనోరమ, దేశమాత అను పత్రికలను ఆయన నడపిరి. రాత పనియంతయు చెప్పి వ్రాయించుటయే. చెప్పి వ్రాయించుటలోని కష్టము ఆ పని చేసినవారికే తెలియును. వ్రాయువాడు ఆలస్యముగా వచ్చునాడు ఊహ వేచియుండదు. వచ్చిననాడు ఊహ రాదు. కొట్టివేతలు లేవు, పుట తిప్పి వెనుకకు చూచుకొనుట లేదు. వాక్యము మనసులో పూర్తియైన పిదపనే పెదవిదాటవలెను. ఆయన వచనము నిడివిలో పెద్దదైనను చిక్కుపడకపోవుటకు ఇదియొక కారణము కావచ్చును. వ్రాతపోటీకి కూర్చుండు విద్యార్థులు ఆయన గణపతిలోని ఏ పుటనైనను బిగ్గరగా చదివి చూడవలెను. ఊపిరి ఎచ్చటను తడబడదు.

డెబ్బదియైదేండ్ల వయసు సమీపించిన తరువాత, 1942లో, ఆయన స్వీయచరిత్రమును చెప్పి వ్రాయించిరి. ఇది నాకు ఆయన గ్రంథములన్నిటిలోను ఇష్టమైనది. వెనుకటి కాగితములు తిరుగవేసి చూచుకొను భాగ్యము లేనివాడు అరువదియేండ్ల నాటి ఊళ్లను, మనుష్యులను, సంవత్సరములను వరుసగా చెప్పుకొనిపోవుచుండ ఆశ్చర్యము కలుగును. గొప్పవారు అందున్నారు, వీరేశలింగముగారున్నారు, సుబ్బారావుగారున్నారు. కాని చిన్నవిషయములను గొప్పవారికొరకు ప్రక్కకు నెట్టుట ఆయనకు తెలియదు. పెద్దల సభలకెంత చోటిచ్చిరో, వీథిబడికిని, ప్రయాణములకును, భోజనములకును అంతయే మనసుపెట్టి చోటిచ్చినారు. తన చూపులేమిని గురించి మొరపెట్టుకొనరు.

1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆయనకు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించినది. 1946 ఏప్రిల్ 30వ తేదీన, వెనుకటి కాలమున హనుమంతరావునాయుడుగారి సమాజములో చీరకట్టి వేషము వేసిన బాలుడు మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రియయ్యెను. ఆ తరువాత ఏడు వారములకు, జూన్ 17వ తేదీన, చిలకమర్తివారు కీర్తిశేషులైరి.