భాస్కరాచార్యులు – వర్గసమీకరణం

భాస్కరాచార్యులు క్రీ.శ. 1114లో జన్మించారు. తండ్రి మహేశ్వరుడే ఆయనకు గురువు. 1150లో, 36 ఏండ్ల ప్రాయంలో సిద్ధాంతశిరోమణిని రచించారు. అందులోని బీజగణితంలో వర్గసమీకరణ సాధనకు చూపిన మార్గం తనది కాదనీ, శ్రీధరాచార్యులదనీ స్పష్టంగా పేర్కొన్నారు. వర్గరాశి గుణకానికి నాలుగు రెట్లతో ఇరువైపులా గుణించి, అవ్యక్తరాశి గుణకపు వర్గాన్ని కలిపితే ఒకవైపు పూర్ణవర్గం ఏర్పడుతుంది. భిన్నాల బెడద ఉండదు. శ్రీధరుల బీజగణిత గ్రంథం నేడు లభించడం లేదు. ఆ సూత్రం ఆయన పేరుతోనే నిలిచిందంటే భాస్కరుల నిజాయితీయే ముఖ్య కారణం.

ఒక కోతులమందలో ఎనిమిదవ వంతుకు వర్గమైనన్ని కోతులు అడవిలో ఆడుతుండగా తక్కిన 12 కొండపై ఉన్నాయి. మంద మొత్తం 48 కావచ్చు, 16 కావచ్చు. రెండింటినీ ఆచార్యులు అంగీకరించారు. మరొక మందలో ఐదవ వంతు నుండి మూడు తీసి, వర్గం చేయగా వచ్చినన్ని గుహలో చేరాయి. ఒక్కటి కొమ్మపై కనిపించింది. ఇక్కడ మూలాలు 50, 5. అయిదింటిలో ఐదవ వంతు ఒకటే కదా, దాని నుండి మూడు కోతులను తీయడమెట్లు? లోకం సమ్మతించదని 5ను విడిచిపెట్టారు. సూత్రం కంఠస్థమైన విద్యార్థులు నేటికీ తడబడేది ఇక్కడే.

మనుమడు చంగదేవుడు తాతగారి గ్రంథాల బోధనకై మహారాష్ట్రలోని చాళీస్‌గావ్ సమీపాన, పాటణలో మఠం నెలకొల్పాడు. 1207 నాటి శాసనం దానికి లభించిన దానాలను తెలుపుతున్నది.