ఊరి మైదానానికి కాపలాదారు టామ్ మోరిస్

గోల్ఫ్ అనగానే అది దొరల ఆట, మనకెందుకులే అనుకుంటాం. ఈ విలేకరీ అలాగే అనుకునేవాడు. కానీ ఆ ఆటకు పుట్టిల్లుగా పేరొందిన స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఆడే నేల ఊరి ఉమ్మడి నేల. మధ్యలో కొంతకాలం అది పరుల చేతికి పోయినా ఊరివాళ్లకు అక్కడ ఆడుకునే హక్కు మాత్రం పోలేదు. దాదాపు నలభై ఏళ్లపాటు ఆ నేలను కనిపెట్టుకుని ఉన్న మనిషి ఏ జమీందారు బిడ్డో కాదు. చేనేత కార్మికుడి కొడుకు. ఆయన పేరు టామ్ మోరిస్. నాలుగుసార్లు ఛాంపియన్ అయిన ఆటగాడిగా లోకం ఆయన్ను తలుచుకుంటుంది. కానీ ఆయన చేసిన అసలు పని పార, ఇసుక బండితో చేసిన పనేనని చెప్పక తప్పదు.

ఆట తెలియని వారి కోసం రెండు ముక్కలు. గోలీలాటలోని గుంత, బిళ్లంగోడులోని దెబ్బ కలిపితే గోల్ఫ్. చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి దూరాన ఉన్న గుంతలో పడెయ్యాలి. ఇలాంటి గుంతలు 18 ఉంటాయి. ఎన్ని తక్కువ దెబ్బలతో ముగిస్తే అంత గొప్ప. గుంత చుట్టూ చాప పరచినట్టు నున్నగా ఉండే పచ్చికను గ్రీన్ అంటారు. ఈ గ్రీన్ పాడైతే ఇక ఆట లేనట్టే.

కుందేళ్ల తగాదా

సెయింట్ ఆండ్రూస్ సముద్రపు ఒడ్డున ఉన్న పట్టణం. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక నేల, దాని మీద గడ్డి, ముళ్లపొదలు ఉంటాయి. సేద్యానికి పనికిరాదు. అక్కడ ఊరివాళ్లు గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడుకోవచ్చుననీ, పశువులను మేపుకోవచ్చుననీ 1552లో అక్కడి ఆర్చిబిషప్ రాసిచ్చిన పత్రంలోనే ఉంది. ఆడవాళ్లు ఉతికిన బట్టలు ఆరేసుకునేదీ అక్కడే. మన ఊళ్లలో పోరంబోకు ఎలాగో వాళ్లకు ఆ నేల అలాగ.

పట్టణ సంఘం అప్పులపాలై 1797లో ఆ నేలను అమ్మేసింది. చేతులు మారి అది కుందేళ్ల వ్యాపారుల పాలైంది. కుందేళ్లు నేలంతా బొరియలు తవ్విపోశాయి. ఆడేవారికీ వ్యాపారులకూ మధ్య తగాదా కోర్టుకెక్కి ఏళ్ల తరబడి నడిచింది. చివరకు 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి ఆ నేలను కొని ఆటను బతికించారు. ఆయనా గోల్ఫ్ ఆడేవాడే. అదే సంవత్సరం జూన్ 16న ఆ ఊళ్లోనే టామ్ మోరిస్ పుట్టారు.

తండ్రి జాన్ మగ్గం నేసేవారు. మరమగ్గాలు వచ్చి చేనేత కుదేలవుతున్న రోజులవి. ఆ కష్టం మన నేతవారికి వేరే చెప్పనక్కరలేదు. కొడుకును మగ్గం గుంటలో దింపకుండా, బంతులు తయారుచేసే అలన్ రాబర్ట్‌సన్ దగ్గర పనికి పెట్టారు. అప్పట్లో బంతి అంటే తోలు తిత్తిలో ఉడికించిన పెద్దబాతు ఈకలు కూరి కుట్టేసినది. ఒక్కో బంతికి టోపీ నిండా ఈకలు పట్టేవి. ఆరిన తర్వాత లోపల ఈకలు ఉబ్బి, పైన తోలు బిగుసుకుని రాయిలా అయ్యేది. కష్టమైన పని కాబట్టి ధరా ఎక్కువే. వానలో తడిస్తే పిగిలిపోయేది.

1848 ప్రాంతంలో గట్టాపెర్చా బంతులు వచ్చాయి. మలయా అడవుల్లోని ఒక చెట్టు పాలు గడ్డకట్టించి చేసే బంతులివి. చవక, గట్టి. ఈకల బంతుల మీద బతికే రాబర్ట్‌సన్‌కు ఇవి గిట్టలేదు. ఒకరోజు ఆటలో తన బంతులు అయిపోయి, మోరిస్ పక్కవాడి దగ్గర ఈ కొత్త బంతి తీసుకుని ఆడారు. ఆ సంగతి యజమాని చెవిన పడింది. మాటా మాటా పెరిగింది. మోరిస్ పని మానేసి బయటికి వచ్చేశారు. వచ్చే కాలం ఎటు పోతోందో యజమాని కంటే పనివాడికే ముందు తెలిసిందన్నమాట.

ఇసుక మహిమ

1851లో ప్రెస్ట్‌విక్ అనే ఊళ్లో కొత్త గోల్ఫ్ క్లబ్బు పెట్టారు. మైదానం చూసుకోవడానికి మోరిస్‌ను పిలిచారు. అప్పటికే మొదటి కొడుకు నాలుగేళ్ల వయసులో పోయాడు. కొత్తగా పుట్టిన కొడుక్కీ టామ్ అన్న పేరే పెట్టుకున్నారు. ఆ పసివాణ్ణి, భార్య నాన్సీని వెంటబెట్టుకుని వెళ్లి, ఇసుక దిబ్బల మధ్య 12 గుంతల మైదానం తీర్చారు.

ఇసుక సంగతి ఆయనకు అక్కడే తెలిసిందంటారు. ఒకసారి తోపుడు బండిలోని ఇసుక పొరపాటున గ్రీన్ మీద ఒలికిపోయింది. కొన్నాళ్లకు చూస్తే ఇసుక పడినచోటే గడ్డి ఒత్తుగా లేచింది. అప్పటినుంచి గడ్డి మీద పలుచగా ఇసుక చల్లడం ఆయనకు నియమమైంది. ఇందులో మాయేమీ లేదు. ఇసుక పడితే పైనున్న గతుకులు పూడతాయి, నీరు నిలవదు, దుబ్బులోంచి కొత్త పిలకలు వస్తాయి. ఎండాకాలంలో చేలకు చెరువు మట్టి తోలే మన రైతుకు ఈ మాట వెంటనే బోధపడుతుంది.

ప్రెస్ట్‌విక్‌లోనే 1860లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ పోటీ మొదలైంది. మొదటి ఏడు ఆడింది ఎనిమిది మందే. విల్లీ పార్క్ 174 దెబ్బలతో గెలవగా, మోరిస్ 176తో రెండో స్థానంలో నిలిచారు. ఆ తర్వాత 1861, 1862, 1864, 1867లలో ఆయనే గెలిచారు. 1862లో 13 దెబ్బల తేడాతో గెలిచారు. 1867లో గెలిచేనాటికి వయసు 46. ఆ పోటీలో అంత పెద్ద వయసులో గెలిచినవారు ఇప్పటికీ మరొకరు లేరు. ఇంత ఆటగాడికీ ఓ లోపం ఉంది. గుంత దగ్గరికి వచ్చాక బెత్తెడు దూరంలో బంతి తప్పేవారు. దగ్గరి దెబ్బ తప్పేవాడు, ప్రెస్ట్‌విక్ అని మాత్రమే చిరునామా రాసిన ఉత్తరం నేరుగా ఆయనకే చేరిందని చెప్పుకుంటారు.

బండి, పార, గరిట పార

ఇదిలా ఉండగా సెయింట్ ఆండ్రూస్‌లో మైదానం పాడుపడుతూ వచ్చింది. రైలు వచ్చింది, చవక బంతి వచ్చింది, ఆడేవారు పెరిగారు. చూసుకునే నాథుడు మాత్రం సరిగా లేడు. అక్కడి పెద్ద క్లబ్బువారు 1864లో మోరిస్‌ను తిరిగి రమ్మన్నారు. ఏడాదికి 50 పౌన్ల జీతం, మైదానం ఖర్చుకు మరో 20 పౌన్లు. బరువు పనులకు వారానికి రెండు రోజులు ఒక మనిషి సాయం. చేతికిచ్చిన సామాను ఒక తోపుడు బండి, ఒక పార, ఒక గరిట పార. మైళ్ల పొడవున్న నేలకు ఇదే బలగం.

ఆయన వచ్చి చూసేసరికి గ్రీన్‌లు గతుకులు పడి ఉన్నాయి. ఎందుకంటే, అప్పట్లో ఒక గుంతలో బంతి వేసినవాడు దాని పక్కనే నిలబడి తర్వాతి గుంతకు కొట్టేవాడు. బంతిని ఎత్తులో నిలబెట్టడానికి చిటికెడు ఇసుక కావాలి. దాన్ని అదే గుంతలోంచి గోకి తీసేవాడు. రోజంతా ఇలా గోకితే గుంత మోచేతి లోతయ్యేది, అంచులు విరిగిపోయేవి. మోరిస్ మొదలుకొట్టే చోటును గ్రీన్ నుంచి విడదీసి వేరుగా కట్టారు. చెప్పుకోవడానికి చిన్న మార్పు. కానీ మైదానాన్ని బతికించింది ఇలాంటివే.

ఇంకోటి. ఎప్పుడూ ఒకే దారిలో ఆడితే ఒకేచోట నేల అరుగుతుంది. 1870 ప్రాంతంలో వాగు పక్కన మొదటి గుంతకు ఆయన కొత్త గ్రీన్ వేశారు. దాంతో మైదానాన్ని కుడినుంచి ఎడమకూ, ఎడమనుంచి కుడికీ ఎటైనా తిప్పి ఆడే వీలు చిక్కింది. కొన్నాళ్లు ఒక వైపు, కొన్నాళ్లు రెండో వైపు ఆడించేవారు. మనం పంట మార్చినట్టే. ముళ్లపొదలు నరికి దారి వెడల్పు చేయడంతో వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకరికొకరు అడ్డుపడే బాధ తగ్గింది.

చలికాలంలో అక్కడ గడ్డి పెరగదు. మార్చి దాటి నేల వెచ్చబడితేనే చిగురు వేస్తుంది. మే నెలలో క్లబ్బు వసంతపు పోటీలు. ఈ మధ్యనున్న కొద్ది వారాలే మైదానం చూసేవాడికి పరీక్ష. చలిలో గాయపడిన చోట్ల మట్టిగడ్డ కోసుకొచ్చి అతకాలి, ఇసుక చల్లాలి, దిమ్మె తిప్పాలి, గడ్డి కోయాలి, కొత్త గుంతలు తీయాలి. ఒకవైపు గడ్డికి విశ్రాంతి కావాలి, మరోవైపు ఎండ కాస్తే చాలు జనం కర్రలు పట్టుకుని వచ్చేస్తారు. మన ఊళ్లలోనూ సంక్రాంతి కబడ్డీ పోటీల నాడు బరి చుట్టూ వందమంది ఉంటారు. ముందురోజు ముళ్లేరి సున్నం గీత గీసేవాడు మాత్రం ఒక్కడే ఉంటాడు. అతన్ని బహుమతుల వేళ ఎవరూ పిలవరు.

అయితే ఆడేవారంతా ఒక తరగతివారు కాదు. జీతమిచ్చే క్లబ్బులో ప్రభువులూ మిలిటరీ అధికారులూ ఉన్నారు. వడ్రంగులు, దర్జీల వంటి చేతిపనివారు 1843లోనే వేరే క్లబ్బు పెట్టుకున్నారు. ఏ క్లబ్బూ లేని బెస్తవాళ్లకూ అక్కడ హక్కుంది. ఇందరికీ నేల ఒక్కటే. మోరిస్ ఎవరితోనూ పెళుసుగా మాట్లాడేవారు కాదంటారు. కానీ ఒక్క విషయంలో ఎవరికీ లొంగలేదు. ఆదివారం ఆట బంద్. ఆయన చర్చి పెద్దల్లో ఒకరు కాబట్టి అది మతాచారమే. అయితే, మనుషులకు విశ్రాంతి అక్కరలేకపోయినా నేలకు కావాలన్నది ఆయన వాదం. జీతమిచ్చేవాడికి కూడా కాదని చెప్పగలగడం చిన్న విషయం కాదు. పెద్ద పోటీల వేళ తప్పితే పాత మైదానంలో ఆదివారం ఆట లేకపోవడం ఈనాటికీ ఉంది. ఆ రోజు ఊరి జనం పిల్లాపాపలతో అక్కడ షికారు తిరుగుతారు.

కొడుకు పోయిన ఏడు

కొడుకు టామీ తండ్రిని మించినవాడయ్యాడు. 1868లో 17 ఏళ్లకే ఓపెన్ గెలిచాడు. ఆ పోటీలో రెండో స్థానం తండ్రిది. 1869, 1870లలోనూ గెలవడంతో విజేతకిచ్చే నడుం పట్టీ అతనికే సొంతమైంది. ఇవ్వడానికి బహుమతి లేక 1871లో పోటీయే జరగలేదు. 1872లో నాలుగోసారి గెలిచాడు.

1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెరిక్‌లో పందెం ఆట ఆడుతుండగా తంతి వచ్చింది. టామీ భార్యకు ప్రసవం కష్టమైందని. ఎవరో పడవ ఇస్తే సముద్రం మీదుగా బయలుదేరారు. ఇల్లు చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు. టామీ మళ్లీ కోలుకోలేదు. ఆ క్రిస్మస్ నాడు 24 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మరుసటి ఏడు నాన్సీ కూడా పోయింది.

మోరిస్ మాత్రం తెల్లవారకముందే సముద్రస్నానం చేసి మైదానానికి వెళ్లడం మానలేదు. 1876 వసంతంలోనూ గడ్డి మొలిచింది, జనం వచ్చారు, గ్రీన్‌ల మీద ఇసుక చల్లాల్సి వచ్చింది. ఆ పనే ఆయన్ను నిలబెట్టిందని అనుకోవాలి.

ఆ తర్వాత కార్నూస్టీ, మ్యూర్‌ఫీల్డ్, డార్నాక్ వంటి ఎన్నో ఊళ్లలో మైదానాలు గీసిపెట్టారు. ఐర్లండ్‌కూ వెళ్లారు. రోజుకు ఒక పౌను, పైన దారిఖర్చులు తీసుకునేవారు. 1894లో పార్లమెంటు చట్టంతో సెయింట్ ఆండ్రూస్ నేల తిరిగి పట్టణ సంఘం చేతికి వచ్చింది. రద్దీ తట్టుకోవడానికి మరుసటి ఏడు పక్కనే రెండో మైదానం తెరిచారు. దాన్ని తీర్చిందీ మోరిసే. ఊరు అమ్ముకున్న నేలను ఊరే మళ్లీ దక్కించుకోవడం ఆయన కళ్లారా చూశారు. 1974 నుంచి చట్టం కింద ఏర్పడిన ట్రస్టు ఆ మైదానాలను నడుపుతోంది.

1903లో 82వ ఏట ఆయన పని నుంచి తప్పుకున్నారు. అప్పటికే కూతురూ ఒక కొడుకూ పోయారు. మిగిలిన ఆఖరి కొడుకు 1906లో పోయాడు. కన్న బిడ్డలందరినీ సాగనంపిన ముసలాయన, చివరి గుంత ఎదుట ఉన్న తన దుకాణం ముందు పైపు కాలుస్తూ ఆటలు చూసేవారు. ఆ చివరి గుంతకు ఆయన పేరే పెట్టారు.

1908 మే 24, ఆదివారం. మైదానం సెలవు రోజు. ఊళ్లోని ఒక క్లబ్బులో కూర్చుని లేచి, ఒక తలుపు అనుకుని మరో తలుపు తీశారు. అది నేలమాళిగ మెట్ల తలుపు. చీకట్లో కింద పడి ప్రాణం విడిచారు. వయసు 86. పాత చర్చి శిథిలాల పక్కనున్న శ్మశానంలో, టామీ సమాధి దగ్గరే ఆయన్ను ఉంచారు.