మైకేల్ ఫారడే

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి వెళ్లువారు ఎర్రగుంట్లలో కరెంటు రైలు ఎక్కుదురు. పొగలేని ఆ బండిని కదలించు సూత్రమును కనుగొన్నవాడు ఒక కమ్మరి కుమారుడు.

ఫారడే 1791లో లండను దగ్గర పుట్టెను. 14వ యేట పుస్తకములు బైండు చేయు పనిలో చేరి, ఆ పుస్తకములే చదివి విద్య నేర్చెను. విద్యుత్తు పారు తీగె అయస్కాంతము చుట్టు తిరుగునని 1821లో చూపెను, మోటారునకు మూలమిదే. తీగెచుట్టలో అయస్కాంతమును కదలించిన విద్యుత్తు పుట్టునని 1831లో కనుగొనెను. అందుచేతనే నేడు అనేక రైళ్లు బ్రేకు వేయునప్పుడు, వాటి మోటార్లే విద్యుత్తును పుట్టించి పైతీగెకు తిరిగి ఇచ్చుచున్నవి.

లోకము ఘనపరచిన ఈయన తన చిన్న సంఘములో పెద్దగా ఉండెను. 1844లో ఆ పదవి పోయినను సంఘమును విడువలేదు, వేరు కూడిక పెట్టలేదు. 1860లో మరల పెద్ద ఆయెను, 1867లో నిద్రించెను. పదవి పోయిన దినమున మనమేమి చేయుదుము?