ఓటు ఒక అమానత్: పి.వి. నరసింహారావు ప్రజాజీవితం

ఓటును మన ఉలమాలు మూడు విధాలుగా వివరిస్తారు. అది ఒక సాక్ష్యం, ఒక సిఫారసు, ఒక వకాలత్. అభ్యర్థికి ఓటు వేసేవాడు అతని యోగ్యతకు సాక్ష్యం ఇస్తున్నాడు. గెలిచి సభలో కూర్చున్నవాడు తనను పంపిన ప్రజల తరఫున వకీలుగా సాక్ష్యం ఇస్తాడు. ఇద్దరూ జవాబుదారులే. ఈ కొలమానంతో మన ఓరుగల్లు గడ్డపై పుట్టి, దేశ ప్రధాని స్థానానికి ఎదిగిన పాములపర్తి వెంకట నరసింహారావు జీవితాన్ని ఈ శుక్రవారం పరిశీలిద్దాం. ఆయన పేరు ఎత్తగానే మనలో చాలామందికి 1992 డిసెంబర్ 6 గుర్తుకు వస్తుంది. అది సహజమే. అయితే ఒక మనిషి లెక్క చూడాలంటే ఖాతా మొత్తం తెరవాలి.

పి.వి. 1921 జూన్ 28న వరంగల్ జిల్లా నర్సంపేట ప్రాంతంలోని లక్నేపల్లిలో జన్మించారు. వంగర గ్రామానికి దత్తత వెళ్లారు. చదువు హనుమకొండలో సాగింది. నిజాం పాలనలో ఉర్దూ రాజభాష కావడంతో ఆ భాషపై ఆయనకు చిన్ననాడే పట్టు చిక్కింది. 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఇక్కడ చదువుకు ఆటంకం ఏర్పడగా నాగపూర్ వెళ్లి కొనసాగించారు. తిరిగి వచ్చి పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్ నుండి కాకతీయ పత్రిక నడిపారు.

ఆయన ఎన్నికల జీవితం ఓటమితో మొదలైంది. 1952లో కరీంనగర్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ తరఫున పోటీ చేసి, పి.డి.ఎఫ్. అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయారు. సాయుధ పోరాటపు వేడి చల్లారని రోజులవి. 1957లో మంథని నుండి శాసనసభకు ఎన్నికైనారు. 1962, 1967, 1972లలో కూడా మంథని ప్రజలు ఆయననే గెలిపించారు. రాష్ట్ర మంత్రిగా న్యాయం, దేవాదాయం, వైద్యం, విద్య శాఖలు చూశారు. 1971 సెప్టెంబర్ 30న ముఖ్యమంత్రి అయ్యారు.

ముఖ్యమంత్రిగా ఆయన చేపట్టిన పెద్ద పని భూసంస్కరణ. 1973 నాటి భూపరిమితి చట్టానికి పునాది ఆయన ప్రభుత్వమే వేసింది. స్వయంగా భూస్వామి అయి ఉండి భూస్వాముల భూమిపై చేయి వేయడం చిన్న విషయం కాదు. భూస్వామ్య వర్గాలు ఆయనపై కత్తి కట్టాయి. ఇంతలో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973 జనవరిలో పి.వి. పదవి నుండి తప్పుకోవలసి వచ్చింది. రాష్ట్రపతి పాలన వచ్చింది.

1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినా ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 ఆ పార్టీకే దక్కాయి. అందులో హనుమకొండ ఒకటి. అక్కడి నుండి పి.వి. లోక్‌సభకు వెళ్లారు. 1980లో మళ్లీ గెలిచి విదేశాంగ మంత్రి అయ్యారు. 1984 జూలైలో హోంశాఖ చేపట్టారు. ఆ ఏడాది ఇందిరాగాంధీ హత్య తర్వాత ఢిల్లీ వీధుల్లో వేలాది సిక్కు సోదరుల ఊచకోత జరిగినప్పుడు హోంమంత్రి ఆయనే. ఆ మచ్చ కూడా ఆయన ఖాతాలోనే ఉంది.

ఆ వెంటనే జరిగిన ఎన్నికల్లో హనుమకొండ ఓటర్లు ఆయనను ఓడించారు. తెలుగుదేశం మద్దతుతో నిలబడిన బి.జె.పి. అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి సుమారు 54 వేల ఓట్ల ఆధిక్యతతో నెగ్గారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద బి.జె.పి.కి దక్కినవి 2 స్థానాలే. అందులో ఒకటి మన హనుమకొండ! పి.వి. మహారాష్ట్రలోని రాంటెక్ నుండి కూడా పోటీ చేసి ఉన్నందున సభలో నిలిచారు. 1989లోనూ అక్కడి నుండే గెలిచారు. ఆ ఏడాదీ 1991లోనూ హనుమకొండ నుండి కమాలుద్దీన్ అహ్మద్ ఎన్నికైనారు. తర్వాత ఆయన పి.వి. మంత్రివర్గంలోనే సహాయమంత్రి అయ్యారు.

సభలో పి.వి. ఏ బిల్లుకు ఎటు ఓటు వేశారని ఎవరైనా అడగవచ్చు. మన పార్లమెంటులో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే ఆమోదం పొందుతాయి. ఎవరు ఏమన్నారో పేరుపేరునా నమోదు కాదు. 1985లో ఫిరాయింపుల నిరోధక సవరణ వచ్చాక సభ్యుడి ఓటు పార్టీ విప్‌కు కట్టుబడిపోయింది. కనుక ఆయన ఏ ప్రభుత్వంలో ఉన్నారు, ఆయన ప్రభుత్వం ఏ చట్టాలు తెచ్చింది అన్నదే మనం చూడవలసిన లెక్క.

షా బానో తీర్పు తర్వాత 1986లో ముస్లిం మహిళల విడాకుల హక్కుల చట్టం తెచ్చిన మంత్రివర్గంలో ఆయన సభ్యులు. 1991 జూన్ 21న ప్రధాని అయ్యాక కొద్ది నెలల్లోనే ఆరాధనా స్థలాల చట్టం తెచ్చారు. 1947 ఆగస్టు 15 నాటికి ఏ ప్రార్థనాస్థలం ఏ స్వభావంతో ఉందో అదే స్వభావంతో ఉండాలని ఆ చట్టం చెబుతుంది. బాబ్రీ మసీదు వివాదాన్ని మాత్రం దాని నుండి మినహాయించారు. 1992లో జాతీయ మైనారిటీల కమిషన్‌కు చట్టబద్ధత, 1994లో మైనారిటీల అభివృద్ధి ఆర్థిక సంస్థ, 1995లో కొత్త వక్ఫ్ చట్టం వచ్చాయి. ఎందరో ముస్లిం యువకులను ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గబెట్టిన టాడా చట్టం 1995 మేలో పొడిగింపు లేకుండా ముగిసింది. ఇవన్నీ ఆయన ఖాతాలో జమ.

ఖర్చు పద్దు మాత్రం ఒక్క రోజుది. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ సుప్రీంకోర్టుకు ఇచ్చిన హామీని నమ్మి కేంద్రం చేతులు ముడుచుకుని కూర్చుంది. కేంద్ర బలగాలు ఫైజాబాద్‌లోనే ఉన్నాయి. డిసెంబర్ 6న పట్టపగలు గంటల వ్యవధిలో మసీదు నేలమట్టమైంది. తర్వాత దేశమంతటా అమాయకుల రక్తం పారింది. మసీదును తిరిగి కట్టిస్తామన్న ఆయన హామీ నెరవేరలేదు. రాజ్యాంగం చేతులు కట్టేసిందని ఆయన సమర్థించుకున్నారు. ఆయన మరణానంతరం వెలువడిన అయోధ్య పుస్తకంలోనూ అదే వాదం. లిబర్‌హాన్ కమిషన్ 2009లో ఇచ్చిన నివేదిక ఆయనను తప్పుపట్టలేదు. 2019 నవంబర్ 9న సుప్రీంకోర్టు ఆ కూల్చివేత చట్టాన్ని ఉల్లంఘించిన చర్య అని తేల్చింది. అయినా ఆ స్థలం మందిరానికే వెళ్లింది. కాపలాదారుడు దొంగ కాకపోవచ్చు. కానీ నిద్రపోయిన కాపలాదారుడికి ప్రశ్న తప్పదు కదా!

ఆయన ప్రభుత్వం మూడు అవిశ్వాస తీర్మానాలను ఎదుర్కొంది. 1992 డిసెంబర్‌లో వచ్చిన తీర్మానం 111 కు 336 ఓట్లతో వీగిపోయింది. 1993 జూలై 28న మాత్రం 251 కు 265తో, అంటే 14 ఓట్ల తేడాతో గట్టెక్కారు. ఆ ఓట్లలో కొన్నిటిని జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు తదితరుల నుండి డబ్బుతో కొన్నారన్న కేసు నడిచింది. 2000లో ప్రత్యేక కోర్టు పి.వి.ని దోషిగా ప్రకటించింది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. ఈ కేసులోనే 1998లో సుప్రీంకోర్టు విచిత్రమైన తీర్పు చెప్పింది. లంచం తీసుకుని సభలో ఓటు వేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉందట, ఇచ్చినవాడికి మాత్రం లేదట! పాతికేళ్లకు పైగా ఆ తీర్పు నిలిచింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. లంచం ఇచ్చేవాడినీ తీసుకునేవాడినీ ఒకే గాటన కట్టిన మన ధర్మానికి ఇది కొత్త మాట కాదు.

1991 నవంబర్‌లో నంద్యాల ఉపఎన్నికలో, తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ పెట్టకపోగా, పి.వి. 5 లక్షలకు పైగా ఆధిక్యతతో గెలిచారు. 1996లో నంద్యాల, బరంపురం రెండింటా నెగ్గారు. పార్టీ మాత్రం 140 స్థానాలకు పడిపోయింది. అప్పటివరకు అంత తక్కువ ఎన్నడూ రాలేదు. ఉత్తరాదిన ముస్లింలు కాంగ్రెస్‌కు దూరం కావడం అందుకు ఒక ముఖ్య కారణం. 1998లో ఆయనకు సొంత పార్టీయే టికెట్ ఇవ్వలేదు. 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో కన్నుమూశారు. హైదరాబాద్‌లో అంత్యక్రియలు జరిగాయి. 2024లో భారతరత్న ప్రకటించారు. హనుమకొండ లోక్‌సభ స్థానం 2008 నాటి పునర్విభజనలో కనుమరుగైంది.

పి.వి.ని శత్రువుగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. బిరుదులు చూసి మరచిపోవడమూ మాకు చేతకాదు. విరోధం ఉన్నవారి విషయంలోనైనా న్యాయం తప్పరాదన్నది మనకు అల్లాహ్ ఆదేశం. పేదవాడికి భూమి ఇవ్వాలని చట్టం తెచ్చినవాడు, పదిహేడు భాషలు తెలిసినవాడని పేరు పొందినవాడు, మాట్లాడవలసిన ఒక్క రోజున మౌనంగా ఉండిపోయాడు. ఆయన లెక్క ఆయన ప్రభువు దగ్గర ఉంది. మన లెక్క మన దగ్గర ఉంది. రేపు మన గుమ్మం ముందుకు వచ్చి చేతులు జోడించే అభ్యర్థిని కులం, మతం, నోటు చూసి కాక, అతని పాత లెక్క చూసి ఎంచుకుంటే ఆ అమానత్‌ను మనం నిలబెట్టినట్లే.