చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు

తెలుగువారు నవ్వుటకు నాటకశాలలకై వేచియుండలేదు. గోదావరీతీరపు పల్లెలలోనేమి, హైదరాబాదునకు పడమటనున్న చేవెళ్ల, మొయినాబాదు వైపు పల్లెలలోనేమి, పంటలు ఇల్లు చేరిన పిమ్మట వీధిభాగవతులు వచ్చి కాగడాల వెలుతురున తెల్లవార్లు ఆటలాడెడివారు. రాజులును రాక్షసులును గర్జించుచుండగా నడుమ హాస్యగాడొకడు ప్రవేశించి, ఊరిపెద్దలను సైతము వెక్కిరించి పోయెడివాడు. ఆ నవ్వును వ్రాతలోనికి తెచ్చి, చదువుకొన్నవారి యిండ్లకు చేర్చిన రచయితలలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ముఖ్యులు. తెలుగుదేశమును ఇంతగా నవ్వించిన ఆయనకు ప్రొద్దు క్రుంకినచో ఎదుటివాని ముఖము కనబడెడిది కాదు.

లక్ష్మీనరసింహముగారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన, నేటి పశ్చిమగోదావరి ప్రాంతమందలి ఖండవల్లి గ్రామమున మాతామహుల యింట జన్మించిరి. తండ్రి వెంకన్నగారు, తల్లి వెంకటరత్నమ్మగారు. వారి కాపురము వీరవాసరమున. బాల్యముననే ఆయనకు రేచీకటి సంక్రమించెను. పగటివేళ కొంత చూపుండెను గాని, అదియు వయస్సుతోపాటు తరుగుచు వచ్చెను. ఆనాటి గ్రామములలో విద్యుద్దీపములు లేవు. తోడి బాలురు ఆముదపు దీపము చుట్టును చేరి పాఠములు వల్లించుచుండ, ఈ బాలునకు ఆ దీపము చాలెడిది కాదు.

అయినను ఆయన చదువు మానలేదు. సహాధ్యాయులు పైకి చదువుచుండగా ప్రక్కన కూర్చుండి వినెడివారు. ఒకమారు విన్నది మనస్సున నిలిచిపోయెడిది. పద్యములు, పురాణకథలు, వ్యాకరణసూత్రములు ఈ విధముగనే ఆయనకు వశమయ్యెను. గణితముతో మాత్రము చిక్కు వచ్చెను. నల్లబల్లపై వ్రాసిన అంకెలను చూడనిదే సాగని విద్య అది. పరీక్షలలో ఆయనను ఎక్కువగా వేధించినది అదియే. వీరవాసరము, నరసాపురములలో చదివి, పిదప ఆయన రాజమహేంద్రవరము చేరిరి. తక్కిన జీవితమంతయు చాలవరకు ఆ నగరముననే గడచెను.

ఆ కాలమున రాజమహేంద్రవరము తెలుగుదేశమునకు మేలుకొలుపు పాడుచుండెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహములు జరిపించుచు, పత్రికలు నడుపుచు, దురాచారములను ఎగతాళి చేయు ప్రహసనములు వ్రాయుచుండిరి. ఆంగ్లకవియైన షేక్స్పియరు వ్రాసిన హాస్యనాటకమునొకదానిని ఆయన అంతకుముందే చమత్కార రత్నావళియను పేరుతో తెలుగు చేసియుండిరి. ధార్వాడనుండి వచ్చిన నాటక సమాజములు ప్రదర్శనములిచ్చి పోవుటచేత, మనమును ఇట్లే ఏల ఆడరాదను కోరిక యువకులలో పుట్టినది. కోరిక పుట్టినది గాని ఆడుటకు తెలుగు నాటకములు కొలదిగా నుండెను.

ఒంగోలునుండి వచ్చి రాజమహేంద్రవరమున స్థిరపడిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు నాటకములయందు మిక్కిలి ఆసక్తి గలవారు. ఆయన ప్రోత్సాహమున లక్ష్మీనరసింహముగారు 1889లో కీచకవధ నాటకమును రచించిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువది రెండేండ్లకు లోపు. అది వచననాటకము. ఆ కోవలోనే గయోపాఖ్యానము, పారిజాతాపహరణము, ప్రసన్నయాదవము మున్నగునవి వెలువడెను. నాయుడుగారి వెంట ఒంగోలునుండి వచ్చిన బాలుడొకడు ఆ సమాజమున స్త్రీవేషములు ధరించి మెప్పు పొందెను. ఆ బాలుడే టంగుటూరి ప్రకాశము. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైనవాడు.

గయోపాఖ్యానము కథ చిన్నపిల్లలకును తెలిసినదే. ఆకాశమున పోవుచు గయుడను గంధర్వుడు ఉమిసిన తాంబూలము, అర్ఘ్యమిచ్చుచున్న శ్రీకృష్ణుని దోసిట పడినది. కృష్ణుడు వానిని వధింతునని ప్రతిజ్ఞ చేసెను. గయుడు సంగతి చెప్పకయే అర్జునుని శరణు కోరెను, అర్జునుడు అభయమిచ్చెను. ఒక ఉమ్మి కారణముగ ప్రాణమిత్రులైన బావమరదులు విల్లందుకొనిరి! నవ్వు పుట్టించుటకును, గుండె బరువెక్కించుటకును సమానముగ తగిన కథ ఇది. ఈ నాటకమును మొదట వచనముగా వ్రాసి, ప్రేక్షకులు పద్యములు కోరుటచేత పిదప పద్యములు చేర్చిరి. ఈ పుస్తకము ప్రతులు లక్షకు పైగా అమ్ముడుపోయెను. చదువుకొన్నవారే కొలదిమంది యున్న దినములలో ఇది సామాన్యమైన సంఖ్య కాదు.

నాటకములు కీర్తి నిచ్చినవి గాని, ఆయన స్వభావము తేటగా కనబడునది ప్రహసనములలోనే. ప్రహసనమనగా నవ్వించుటకు వ్రాసిన చిన్న నాటకము. దానికి తెరలు, కిరీటములు అక్కరలేదు. ఇద్దరు ముగ్గురు మనుష్యులు, ఒక అరుగు, ఒక తగవు ఉన్నచో చాలును. దొంగభక్తి, డాంబికము, మూఢవిశ్వాసము, ఆంగ్లము నాలుగు ముక్కలు నేర్చి తల్లిభాషను మరచిన గర్వము వంటివానిని ఆయన ఇందు పట్టి చూపిరి. మనుష్యులను వారి మాటతీరునుబట్టియే గుర్తింపవలసి వచ్చిన రచయిత గనుక, ఆయన పాత్రలు నోరు తెరచినంతనే ఎవరెవరో తెలిసిపోవుదురు. పకోడీలను పొగడుచు ఆయన చెప్పిన పద్యములు ఆ దినములలో పలువురి నోట నాడెను. కవులు చంద్రుని, వసంతమును వర్ణింతురు. నూనెలో వేగు పిండివంటపై ఛందస్సు తప్పక పద్యము చెప్పినవారు అరుదు.

నవలలు వ్రాయుటలోను ఆయన ముందువారిలో నిలిచిరి. చింతామణి పత్రికవారి పోటీలో రామచంద్రవిజయము బహుమతి పొందెను. పిదప హేమలత మొదలైనవి వచ్చెను. స్కాట్లండు దేశపు నవలారచయిత స్కాటుతో పోల్చి కొందరాయనను ఆంధ్ర స్కాటు అనిరి. చూపుపోయియు కావ్యము చెప్పిన మిల్టనుతో కొందరు పోల్చిరి. కాని ఆయన నవలలలో గణపతికి సాటి లేదు. గణపతి పొట్టివాడు, సోమరి, తిండిపోతు, చదువు రానివాడు, అట్టివాడు బడిపంతులగును! వాని తల్లి సింగమ్మకు కుమారుని యందు దోషమే కనబడదు. చదువరి పుట పుటకును నవ్వుచునే యుండును. కాని పుస్తకము మూసిన పిదప, ఇట్టివానిని పంతులుగా నిలిపిన గ్రామమెట్టిది, ఆ బడిలోని పిల్లల గతి యేమి యను ప్రశ్న మిగులును.

1907వ సంవత్సరము ఏప్రిల్ నెలలో వంగదేశపు నాయకుడు బిపిన్ చంద్రపాలుడు రాజమహేంద్రవరము వచ్చెను. వందేమాతర ఉద్యమము మిన్నుముట్టిన దినములవి. పాలుడు ఆంగ్లమున ఉపన్యసించుచుండ, వేలకొలది జనులకు తెలుగులో చెప్పు భారము లక్ష్మీనరసింహముగారు వహించిరి. కాగితముపై గుర్తులు వ్రాసికొని, మరల చూచికొనుట కన్నులు సహకరింపనివారికి కుదరదు. విన్నదానిని విన్నట్లు మనస్సున నిలుపుకొని తెలుగు చేయవలెను. సభాంతమున ఆయన ఆశువుగా ఒక పద్యము చెప్పిరి. భరతదేశము పాడియావు వంటిదనియు, దాని బిడ్డలు ఆకలితో నేడ్చు లేగలనియు, తెల్లదొరలు ఆ లేగల మూతులు బిగగట్టి పాలు పిదుకుకొను గోపాలకులనియు దాని భావము. పరిపాలకులను ఇట్లు బహిరంగముగ ఎగతాళి చేయుట ఆనాడు సాహసమే. ఆ యేడే రాజమహేంద్రవరపు కళాశాలలో వందేమాతరమన్న నేరమునకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోగొట్టుకొనెను. ఆ పద్యము మాత్రము ఊరూర వ్యాపించెను. ఒకరినుండి యొకరికి నోటిమీదుగా సాగిపోవు మాటను అధికారులు జప్తు చేయజాలరు గదా!

నవ్వించుటతో తన పని తీరినదని ఆయన తలపలేదు. 1909లో అంటరానివారని సంఘము వెలివేసిన కులముల బాలురకొరకు, రాజా రామమోహనరాయల పేర రాజమహేంద్రవరమున ఒక పాఠశాలను స్థాపించిరి. బ్రాహ్మణుడైన పండితుడు ఆ పిల్లలకొరకు బడి పెట్టుట ఆనాటివారికి మింగుడుపడని సంగతి. అట్టి బడికి ఆయన తన రాబడినుండి వెచ్చించుచు, పదేండ్లకు మించి దానిని నడిపిరి. గణపతి వంటి పంతులను సృష్టించిన చేతితోనే నిజమైన బడికి పంతుళ్లను వెదకి తెచ్చిన సంగతిని, ఆయన హాస్యమును మాత్రమే ఎరిగినవారు తరచుగా మరతురు. మనోరమ, దేశమాత యను పత్రికలను కూడ ఆయన నడపిరి.

కాలక్రమమున మిగిలియున్న పగటిచూపును పోయెను. అప్పటినుండి చదువుట ఇతరుల కంట, వ్రాయుట ఇతరుల చేత. ఆయన చెప్పుచుండ వ్రాయసకాండ్రు వ్రాసికొనెడివారు. భాసమహాకవి సంస్కృత నాటకములను తెనిగించిరి. వార్ధక్యమున తన జీవితకథను కూడ అట్లే చెప్పి వ్రాయించిరి. అరువది, డెబ్బది యేండ్లనాటి వీథులు, ఉపాధ్యాయులు, నాటకపు రాత్రులు అందు చదువరి కన్నులకు కట్టును. తన అంధత్వమును గూర్చిన విలాపముతో ఆ గ్రంథమును నింపలేదు. తనకు జరిగిన ఇబ్బందులను సైతము నవ్వువచ్చునట్లు చెప్పుట ఆయన అలవాటు.

1943లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించెను. 1946వ సంవత్సరము జూన్ 17వ తేదీన ఆయన పరమపదించిరి. మరి రెండేండ్లకు, 1948లో, విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ఏర్పడెను. ఆ కేంద్రమువారు గణపతిని నాటకముగ మలచి ప్రసారము చేసిరి. అది ఎన్నిమారులు వినిపించినను శ్రోతలకు విసుగు పుట్టలేదు. గణపతి ముఖమెట్లుండునో వారెవరును చూడలేదు. రేడియో చుట్టును చేరి, వాని గొంతు విని, సింగమ్మ గారాబము విని, పొట్ట చెక్కలగునట్లు నవ్విరి.