పుల్లరి ఎవరి మీద పడింది?

నడికుడిలో మాచర్ల రైలెక్కి, దిగాక దుర్గి దారి పడితే మించాలపాడు వస్తది. కన్నెగంటి హనుమంతు ఊరది. 1921లో ఆయన్ని ముందు పెట్టుకుని పల్నాడు జనం పుల్లరి కట్టేది లేదన్నారు.

పుల్లరంటే, అడవిలో గొడ్లు మేపుకున్నందుకు తెల్లదొరల సర్కారుకి కట్టాల్సిన పన్ను. గొడ్లు మగోళ్లవే అనుకుంటాం. మరి పాలు పితికేదెవరు, చల్ల చిలికేదెవరు? మేతకి అడ్డం పడితే ముందు ఎండేది ఆడోళ్ల కవ్వమే. (2022 జులైలో ప్యాకెట్ పెరుగు మీద 5 శాతం జీఎస్టీ వేశారు. అదీ వంటింటి లెక్కే.)

1922 ఫిబ్రవరిలో పోలీసులు ఊరి మీద పడ్డారు. హనుమంతు తూటాలకి కూలిపోయాడు. భార్య గంగమ్మ మిగిలింది. మనం చెప్పుకునే కథలో ఆమెకి దక్కేది ఒక్క ముక్కే.