మధ్యాహ్నం నిద్రపోని బిడ్డ, మాంటిస్సోరి అమ్మ



మీ ఇంట్లో రెండేళ్ల, మూడేళ్ల బిడ్డ ఉంటే ఈ నెల ఈ పేజీ మీ కోసమే. మధ్యాహ్నం అన్నం తినిపించి, ఫ్యాన్ వేసి, కర్టెన్లు దించి అరగంట జోకొట్టినా వాడు కళ్లు పెద్దవి చేసుకుని మీ వంకే చూస్తుంటాడు. చివరికి నిద్రపోయేది మీరే! సాయంత్రం ఐదు దాటితే మాత్రం చిన్నదానికీ పెద్దదానికీ ఏడుపే. ఈ బాధ గురించి దాదాపు తొంభై ఏళ్ల కిందటే రాసిన ఒక డాక్టరమ్మ ఉన్నారు. ప్లే స్కూల్ బోర్డుల మీద ఆమె పేరు మీరు చూసే ఉంటారు. ఆమె మరియా మాంటిస్సోరి. ఆ పేరు తెలిసినంతగా ఆ జీవితం మనకు తెలియదు.

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లెలో పుట్టారు. ఆడపిల్లకు మెడిసిన్ ఎందుకన్న రోజుల్లో పట్టుబట్టి చదివి, 1896లో రోమ్‌లో డాక్టర్ పట్టా అందుకున్నారు. మగ విద్యార్థుల మధ్య శవపరీక్ష చేయనివ్వకపోతే, అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా చేసుకున్నారు.

1898లో ఆమెకు మారియో అనే కొడుకు పుట్టాడు. పెళ్లి కాలేదు. విషయం బయటపడితే డాక్టర్ ఉద్యోగం, పరువు రెండూ పోతాయి. అందుకని బిడ్డను పల్లెలో ఒక కుటుంబానికి పెంపకానికి ఇచ్చేశారు. అప్పుడప్పుడు వెళ్లి చూసి రావడమే. ప్రపంచానికి పిల్లల మనసు గురించి చెప్పిన మనిషి తన బిడ్డ పసితనంలో పక్కన లేరు. ఎవరైనా ఆమెను తప్పుపట్టవచ్చు, నాకైతే జాలే కలుగుతుంది.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేదల పేటలో ఆమె మొదటి పిల్లల ఇల్లు తెరిచారు. తల్లిదండ్రులు పనికి పోతే చిన్నపిల్లలు గోడలు, మెట్లు పాడు చేస్తున్నారని భవనం వాళ్లు వెతుక్కున్న ఏర్పాటు అది. ఒకరోజు మరియా నాలుగు నెలల పసిపాపను ఎత్తుకుని తరగతిలోకి వచ్చారు. పాప కదలకుండా నిశ్శబ్దంగా ఉంది. మీరూ ఇలా ఉండగలరా అని పిల్లలను అడిగితే అందరూ ఊపిరి కూడా మెల్లగా తీస్తూ కూర్చున్నారు. నిశ్శబ్దం ఆట అలా మొదలైంది.

ఇప్పుడు నిద్ర సంగతి. 1936లో వచ్చిన పుస్తకంలో ఆమె దీని మీద ఘాటుగానే రాశారు. చాలాసార్లు బిడ్డను నిద్రపుచ్చేది బిడ్డకు నిద్ర వచ్చి కాదు, పెద్దవాళ్లకు తీరిక కావాలని. ఎత్తయిన కటకటాల తొట్టిమంచం ఆమె కంటికి పంజరంలా కనిపించింది. దాని బదులు నేలకు దగ్గరగా చిన్న పడక ఉండాలి, నిద్రొస్తే బిడ్డే వెళ్లి పడుకోవాలి, మెలకువొస్తే తానే లేచి రావాలి అన్నారు. ఆలోచిస్తే మన అవ్వల ఇళ్లలో చాప, బొంత చేసిన పని ఇదే కదా!

ఇక్కడొక మాట. రాత్రి నిద్ర విషయంలో బిడ్డ ఇష్టానికి వదిలేయడం టీవీ, ఫోన్ ఉన్న మన ఇళ్లలో కుదరదు. పడుకునే టైమ్ మీరే పెట్టాలి. పగటి నిద్ర విషయంలో మాత్రం ఆమె మాట నూటికి నూరుపాళ్లు పనికొస్తుంది. బలవంతం చేసి నిద్ర తెప్పించలేం.

డాక్టర్లు చెప్పే లెక్క ప్రకారం, పగలూ రాత్రీ కలిపి ఒకటి, రెండేళ్ల వాళ్లకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. చాలామంది పగటి నిద్ర మానేది మూడు నుంచి ఐదేళ్ల మధ్యే. కాబట్టి రెండేళ్ల బిడ్డ నాలుగు రోజులు పడుకోకపోతే అప్పుడే మానేశాడనుకోకండి. రెండు మూడు వారాలు అదే టైమ్‌కి చాప వేస్తూ ఉండండి. పడుకోకపోయినా సాయంత్రం దాకా హుషారుగా ఉంటున్నా, పగలు పడుకున్న రోజు రాత్రి పదింటికీ కళ్లు మూయకపోయినా నిద్ర మానే వయసు వచ్చిందన్నమాట. అప్పుడు ఆ గంటను నిశ్శబ్దం గంటగా మార్చండి. చాప మీద బొమ్మల పుస్తకం, నాలుగు బ్లాకులు చాలు. ఫోన్ వద్దు. రాత్రి నిద్రను అరగంట, గంట ముందుకు జరపండి. కుప్పం నుంచి బెంగళూరుకు రైల్లో ఉద్యోగానికి వెళ్లే నాన్నలు, రాత్రి దాకా కొట్టు చూసుకునే పుంగనూరు నాన్నలు దీనికి నొచ్చుకోవచ్చు. వాళ్ల కోసం బిడ్డను మేలుకొల్పి ఉంచకుండా, ఆటలు పొద్దున్నే పెట్టుకోండి. బిడ్డ రోజూ గట్టిగా గురక పెడుతుంటే మాత్రం డాక్టర్‌కు చూపించండి.

మరియా మన వైపూ వచ్చారు. మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టిన అనీబిసెంట్ గారి దివ్యజ్ఞాన సమాజమే 1939లో ఆమెను మద్రాసు అడయారుకు పిలిచింది. మొదటి శిక్షణకే మూడు వందల మందికి పైగా వచ్చారు. ఆమె ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లీషులోకి మార్చేవాడు. అవును, అదే కొడుకు. పదిహేనేళ్ల వయసులో తల్లి దగ్గరికి వచ్చేశాడు. కానీ చాలా ఏళ్లు లోకానికి అతను ఆమె బంధువుల అబ్బాయి మాత్రమే.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించింది. ఆమెను అడయారు దాటనివ్వలేదు. ఆగస్టు 31న ఆమెకు డెబ్బై ఏళ్లు నిండాయి. ఆరోజు వైస్రాయ్ పుట్టినరోజు కానుకగా మారియోను విడిచిపెట్టారు. ఆ సందేశంలో అతన్ని ఆమె కొడుకనే పేర్కొన్నారు.

తర్వాత తల్లీకొడుకులు కొడైకెనాల్‌లో రెండేళ్లు ఉన్నారు. భారతదేశం వదిలి వెళ్లాక, 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నూర్డ్‌విక్‌లో ఆమె కన్నుమూశారు. వీలునామాలో మారియోను నా కొడుకు అనే రాసుకున్నారు.